పోత పోసిన పళ్ల చక్రం

పోయిన వారం షకీలాని క్రాన్‌బర్న్ స్కౌట్ హాలు గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. అసలే మెల్‌బోర్న్‌లో జూన్ నెల చలి. ఆ గాలిలో ఆడమనిషిని వారం రోజులు నిలబెట్టడం మర్యాద కాదు. కాబట్టి గబగబా లోపలికి పోదాం పదండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం మాత్రం రెండు ముక్కలు. విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి లేత్ షెడ్డులో, ఇనుప రజను మధ్య పెరిగిన పిల్ల షకీలా. పెళ్లయి మెల్‌బోర్న్ వచ్చాక గరాజ్‌లో ఒక పాత లేత్ మిషన్ వేయించుకుంది. దాని మీద రేడియో రిమోట్‌తో నడిచే నమూనా ట్యాంకులకు లోహపు విడిభాగాలు చేస్తుంది. ఆ ట్యాంకుల్ని బొమ్మలు అన్నారంటే ఈ హాల్లో చేరే ట్యాంకుల క్లబ్బులో మీకు టీ కూడా ఇవ్వరు. అసలు ట్యాంకులో పదహారో వంతు, ప్రతి బోల్టూ లెక్క తప్పకుండా ఉంటుంది. జపాన్ నుంచి కిట్ డబ్బాలో వచ్చినప్పుడు దాని పట్టాలూ చక్రాలూ చాలావరకు ప్లాస్టిక్కే. ఆ ప్లాస్టిక్ అంతా పీకి లోహం తొడిగితే తప్ప వీళ్లకి నిద్ర పట్టదు. పట్టాని పళ్లతో పట్టి లాగే చక్రం ఒకటుంటుంది, స్ప్రాకెట్ అంటారు. ఆ పళ్ల చక్రం చేయడంలో షకీలాది పెట్టింది పేరు.

పోయిన ఆదివారం క్లబ్బు ఓపెన్ డే నాడు, పిల్లాజెల్లా అంతా చూస్తుండగా, క్లబ్బు సభ్యుడు ద్వారకానాథ్ గారి ట్యాంకు చెక్క ర్యాంపు ఎక్కుతూ పటుక్కుమంది. లోపల గేరు పళ్లు రాలాయి, పట్టా ఊడింది, ట్యాంకు వెనక్కి జారి తలకిందులైంది. పైన ఫిరంగి ఉండే టరెట్ రెండు ముక్కలు. అందులో ఉన్నవి షకీలా చక్రాలేనని ఆయన రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. ఇవాళ కమిటీ తేల్చాలి. తప్పు ఆమెదని తేలితే క్లబ్బు పత్రికలో ఒకే ఒక్క వాక్యం పడుతుంది, ఈ భాగాలు వాడొద్దని. ఆ పత్రిక ఆస్ట్రేలియాలో ఉన్న ట్యాంకు క్లబ్బులన్నిటికీ పోతుంది. ఆ తర్వాత షకీలా లేత్ మీద అప్పడాలు వత్తుకోవడమే.

అదీ కథ. ఇంక పదండి.

హాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు. గోడ పక్కన గ్యాస్ హీటరు మండుతోంది. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద పాత తువ్వాలు, ఆ తువ్వాలు మీద విరిగిన ట్యాంకు. ఎవరికో ఆపరేషన్ జరగబోతున్నట్టు అందరూ చుట్టూ చేరి చేతులు కట్టుకుని నిలబడ్డారు. షకీలా జాకెట్ జిప్పు దించి, తల మీది స్కార్ఫ్ సర్దుకుని, తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. వెనకే ఆమె భర్త తాజ్ వచ్చాడు. రెండువేల సంవత్సరం వస్తే తేదీల లెక్క తప్పి కంప్యూటర్లు పాడవుతాయని, వాటిని ముందే సరిచేసే ఉద్యోగం అతనిది. ఆ సంవత్సరం వచ్చినా ప్రపంచంలో ఏ కంప్యూటరూ పేలలేదు. పేలింది తాజ్ ఉద్యోగం ఒక్కటే. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కూడా ఏ గొడవా లేకుండా గడిచిన మర్నాడు, ఇక నీతో పని లేదు నాయనా అని ఆఫీసువాళ్లు చెయ్యి కలిపి పంపేశారు. అప్పటినుంచి భార్య చేసిన చక్రాల కోసం వెబ్‌సైటూ, లేబుళ్లూ, పోస్టాఫీసూ అంటూ తిరుగుతున్నాడు. మంచివాడే, తెలివైనవాడే. ఇవాళ మాత్రం పొద్దున్నించీ ముఖం వాడిపోయి ఉంది.

"రా అమ్మా. టైముకే వచ్చినవ్," అన్నాడు ద్వారకానాథ్.

ఆయనది సికింద్రాబాద్. ముప్పై ఏళ్లు రైల్వే వర్క్‌షాపుల్లో, మొదట అక్కడ, తర్వాత ఇక్కడ, తనిఖీ చేసిన మనిషి. కేరమ్ డౌన్స్ గుడికి వెళ్లినా ప్రదక్షిణ చేస్తూ రెయిలింగ్ వెల్డింగు సరిగ్గా ఉందో లేదో చూస్తాడని ఆయన భార్య సీతాదేవి అందరికీ చెబుతుంటుంది. ఆ ట్యాంకు కట్టడానికి ఆయనకి ఏడాది పట్టింది. కోపం అంతా ముక్కు చివర పెట్టుకుని కూర్చున్నాడు.

"అంకుల్, ముందు ఒక మాట," అంది షకీలా. "మీ ట్యాంకు పాడైనందుకు నాకు నిజంగా బాధగా ఉంది. నాదైతే నేను ఏడ్చేదాన్ని."

"ఏడుపు తర్వాత. ఫస్టు ఇది చెప్పు." ఆయన చక్రాలు వచ్చిన ఖాళీ ప్లాస్టిక్ సంచి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఆకుపచ్చ లేబుల్, లేబుల్ మీద ఇంగ్లీషులో షకీలా పేరు. "ఇది నీ లేబులేనా, కాదా?"

"నా లేబుల్ లాగే ఉంది."

"లాగే ఉంది ఏందమ్మా! డాండెనాంగ్‌ల హాబీ షాపుల కొన్న. రెండు జతలున్నయ్. ఒకటి తీస్కున్న."

"అంకుల్, నేను డాండెనాంగ్‌లో ఏ షాపుకీ ఒక్క జత కూడా ఇవ్వలేదు. నేను చేసేదే వారానికి నాలుగు జతలు. ఆర్డరు పెట్టిన మనిషికి నేరుగా పోస్టులో పోతాయి."

బల్ల చుట్టూ చిన్న గుసగుస లేచింది. ప్రెసిడెంట్ గ్రాహమ్, రిటైరైన ప్లంబరు, పొట్ట మీద చేతులు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఆవిడకి ఫెయిర్ గో ఇద్దాం మేట్స్, చెప్పేది పూర్తిగా విందాం అన్నాడు. లేబుల్ ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు, ఆ మాటకొస్తే ఎవరైనా కాదనవచ్చు కూడా అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాటలో ఉన్న పుల్ల షకీలాకి గుచ్చుకుంది. అయినా చిరునవ్వు చెరగనివ్వలేదు.

తాజ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "షకీ, వదిలెయ్. అంకుల్‌కి కొత్త జత ఇచ్చేద్దాం. టరెట్ నేను తెప్పిస్తాను. ఆదివారం పూట గొడవెందుకు?" అన్నాడు గొంతు తగ్గించి.

ఈయన మెతకదనం ఎప్పటికి పోతుందో అనుకుంది షకీలా. "కొత్త జత ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదండీ. మీరు అలా కుర్చీలో కూర్చోండి, పది నిమిషాలు," అంది.

తాజ్ కూర్చోలేదు. కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

షకీలా సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. ట్యాంకు కడుపు విప్పడానికి ఆమెకి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ అందరూ ఆమె చేతులు చూస్తూ ఉండిపోయారు. తెలిసిన చేతులు పని చేస్తుంటే ఎంత పగవాడైనా కాసేపు నోరు మూసుకుంటాడు. గేర్‌బాక్స్ బయటికి తీసి మూత విప్పి పళ్లెంలో దులిపింది. విరిగిన గేరు పళ్లు బియ్యపు గింజల్లా రాలాయి. తర్వాత పక్కనున్న పళ్ల చక్రం విప్పి అరచేతిలో వేసుకుంది.

వేసుకోగానే ఆమెకి తెలిసిపోయింది.

కంటితో చూసి కాదు. కంటికి అచ్చం తనదే. పదహారు పళ్లు, మధ్యలో ఎనిమిది బోల్టు రంధ్రాలు, అంచున తను ఇష్టపడి వేసే సన్నటి గాడి, అన్నీ ఉన్నాయి. కానీ రోజుకి ఇరవైసార్లు అరచేతిలో పెట్టుకునే వస్తువు బరువు చేతికి తెలుస్తుంది. ఇది నాది కాదు అంది చెయ్యి. షకీలాకి చెయ్యి మాట మీద నమ్మకం ఎక్కువ. కాకపోతే చేతి సాక్ష్యం కమిటీలో చెల్లదు కాబట్టి, ఆమె కొలతలు తీసే వెర్నియర్ తీసింది.

"గ్రాహమ్, మీ ట్యాంకులో నా చక్రాలు ఉన్నాయి కదా, ఏడాదిగా," అంది ఇంగ్లీషులో. ఆమె ఇంగ్లీషు బెజవాడలో పుట్టి క్రాన్‌బర్న్‌లో పెరిగిందే అయినా ఎక్కడా తడబడదు. "ఒకటి విప్పి తెస్తారా? కొలత నేను తీయను. ద్వారకానాథ్ అంకుల్ తీస్తారు. ఆయన కళ్లని ఎవరూ శంకించరు."

ఆయన ముక్కు మీది కోపం కొంచెం పక్కకి జరిగింది. కళ్లద్దాలు మార్చుకున్నాడు. గ్రాహమ్ తన చక్రం విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మొత్తం అడ్డకొలత?" అడిగింది షకీలా.

"గ్రాహమ్‌ది యాభై రెండు మిల్లీమీటర్లు. కరెక్టు. నాది..." ఆయన ఇంకోసారి చూశాడు. "యాభై ఒకటి పాయింట్ మూడు ఐదు."

"చూశారా, తక్కువ చేసింది," అన్నాడు ఇందాకటి వెనకాయన.

"ఆగండి సార్. అంకుల్, మధ్యలో ఆ బొడిపె?"

"అది ఇరవై. నాది పంతొమ్మిది పాయింట్ ఏడు ఐదు."

"ఎదురెదురు బోల్టు రంధ్రాల మధ్య దూరం?"

"అది ముప్పై. నాది..." ద్వారకానాథ్ అంకె మళ్లీ చదివాడు. వెర్నియర్ మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. "ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు కంటే కొంచెం ఎక్కువ."

షకీలా అందరి వైపూ తిరిగింది. ఇక్కడ ఆమెని చూడాల్సింది మీరు. నిటారుగా నిలబడి, బల్ల అంచు మీద ఒక చెయ్యి వేసి, ఆటోనగర్‌లో తండ్రి బేరగాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నా చెయ్యి జారిందనుకోండి, లేకపోతే కొలత తప్పానే అనుకోండి. అప్పుడు ఎక్కడో ఒకచోట తగ్గుతుంది, రెండు చోట్ల తగ్గుతుంది. ప్రతి చోటా ఒకే లెక్కన తగ్గదు. ఇక్కడ చూడండి, ఏ కొలత తీసినా వందకి ఒకటింపావు చొప్పున తగ్గింది. చక్రం మొత్తం, బొడిపెతో సహా, రంధ్రాల మధ్య దూరంతో సహా, ఒక్కలాగా ముడుచుకుంది. లేత్ మీద కోసిన వస్తువు అలా ముడుచుకోదు. ఎలాంటిది ముడుచుకుంటుంది, అంకుల్?"

ద్వారకానాథ్ తల ఎత్తాడు. ముప్పై ఏళ్ల తనిఖీ మనిషి ఆయనలో లేచి కూర్చున్నాడు.

"పోత పోసింది," అన్నాడు మెల్లగా. తర్వాత అందరికీ వినపడేలా ఇంగ్లీషులో అన్నాడు. "కాస్టింగ్. ష్రింకేజ్. లోహం చల్లబడితే ముడుచుకుంటది. అందుకే ప్యాటర్న్, అంటే నమూనా, కొంచెం పెద్దగ చెయ్యాలె. ఎవడో ఈ అమ్మాయి చక్రాన్నే ప్యాటర్న్‌గ పెట్టి, ఇసుకల అచ్చు తీసి పోసిండు. ముడుచుకునే దానికి అలవెన్స్ ఇయ్యలేదు."

"నేను పోత పనే చేయను. కడ్డీ తెచ్చి కోస్తాను. నా గరాజ్‌కి ఎవరైనా వచ్చి చూడవచ్చు, కొలిమి ఉందేమో," అంది షకీలా.

అంతటితో ఊరుకుంటే ఆమె షకీలా ఎందుకవుతుంది? చిన్న ఆకురాయి తీసి ఆ దొంగ చక్రం పంటి మీద నాలుగుసార్లు గట్టిగా రుద్దింది. పైన మెరుగు పోయి లోపల సూదిమొన అంత బుడగలు కనిపించాయి. దాన్ని చేతులు మారుస్తూ అందరూ చూశారు. తర్వాత ట్యాంకు పట్టాలోంచి తొమ్మిది లింకుల ముక్క విడదీసి, ముందు గ్రాహమ్ చక్రం చుట్టూ చుట్టింది. తొమ్మిది లింకులూ పళ్ల మధ్య కుదురుగా కూర్చున్నాయి. అదే ముక్కని ఆ చిన్న చక్రానికి చుట్టింది. మొదటిది కూర్చుంది, రెండోది కూర్చుంది, నాలుగోది కాస్త లేచింది. ఏడోది పంటి నెత్తికెక్కి కూర్చుంది.

"నేల మీద తెలియదు. ర్యాంపు ఎక్కేటప్పుడు బరువంతా దీని మీద పడుతుంది. లింకు పంటి మీదికెక్కి పట్టా బిగుసుకుంటుంది. మోటారు ఆగదు, గుంజుతుంది. అప్పుడు విరిగేది గేరే. నా ప్రతి జతా నా ట్యాంకుకెక్కి, నా పెరట్లో, బట్టలారేసే స్తంభం చుట్టూ గంటసేపు తిరిగాకే డబ్బాలోకి పోతుంది అంకుల్. దీన్ని ఎవరూ పది నిమిషాలు కూడా తిప్పి చూడలేదు," అంది.

గ్రాహమ్ చప్పట్లు కొట్టాడు. ఒకరిద్దరు అందుకున్నారు. వెనకాయన కూడా, కొంచెం ఆలస్యంగా. ఫిర్యాదు కొట్టేశామనీ, షకీలా భాగాల మీద క్లబ్బుకి ఏ అభ్యంతరమూ లేదనీ గ్రాహమ్ అక్కడికక్కడే ప్రకటించాడు. షకీలా గెలిచింది. ఇంటికెళ్లి నాలుగు ఉల్లిపాయలు తరిగి కీమా వండుకోవాలనిపించింది. అంత సంతోషం వేసింది ఆమెకి.

ద్వారకానాథ్ లేచి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది బిడ్డా. నీ పేరు మీద రాత ఇచ్చిన. కొలవకుండ రాసిన. జిందగీల ఫస్ట్ టైం."

"అయ్యో, అంకుల్, పెద్దవారు..."

"కాదు, ఆగు. ఇప్పుడు నాకు కోపం నీ మీద లేదు. ఇది చేసినోడి మీదున్నది. నీ పేరు పెట్టుకొని, నీ లేబుల్ పెట్టుకొని, గింత నాసిరకం మాలు అమ్ముతుండు. ఈసారి పత్రికల రాద్దాం, మొదటి పేజీల. వాని పేరు రాద్దాం. ఏ క్లబ్బు గేటు కూడ దాటకుండ చేద్దాం. ఏమంటవ్?"

"రాయాల్సిందే," అంది షకీలా. గెలిచిన ఊపులో ఉంది మరి. "పెద్దక్షరాల్లో రాయండి. ఒకరి కష్టం దొంగిలించినవాణ్ణి ఊరికే వదలకూడదు."

కిటికీ దగ్గర తాజ్ దగ్గాడు. "రేపు... రేపు మాట్లాడుకోవచ్చు కదా అంకుల్. ఇవాళ షాపు కూడా మూసి ఉంటుంది."

"అవును, రేపు పొద్దున తెరవంగనే నేనే ఫోన్ చేసి అడుగుత, మాలు ఎవరిచ్చిన్రని," అన్నాడు ద్వారకానాథ్.

"నేను కారు తీస్తాను," అని తాజ్ గబగబా బయటికి నడిచాడు. భర్తకి చలికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది షకీలా. పాపం, ఎంత తెలివైన ఆడదానికైనా సొంత మొగుడి విషయంలో చూపు ఒక అడుగు ఇవతలే ఆగుతుంది.

ఆమె ఆలోచన అప్పటికే వేరే దారి పట్టింది. చేతిలో ఉన్న దొంగ చక్రాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. ఇరుసు దూరే రంధ్రం ఒక్కటి మాత్రం కొలతకి సరిగ్గా ఉంది. పోతలో చిన్నదై ఉంటుంది, తర్వాత గుండ్రటి ఆకురాయి పెట్టి చేత్తో పెద్దది చేశారు. ఆ చేతిపని అద్భుతంగా ఉంది. వెంట్రుకంత కూడా పక్కకి పోలేదు. ఇంత మంచి చెయ్యి ఉన్నవాడు లోహం ముడుచుకునే కుదింపు లెక్క మరిచిపోయాడంటే ఎలా?

ఎలాగో ఆమెకి తెలుసు.

ఆటోనగర్ షెడ్డులో, ఆమెకి పద్నాలుగేళ్లప్పుడు, అన్న హస్సాన్ నలభై పంపు చక్రాలు పోయించాడు. పాత చక్రాన్నే నమూనాగా పెట్టి ఇసుకలో అచ్చు తీశాడు. నలభైకి నలభై చిన్నవయ్యాయి. ఒక్కటీ నీళ్లు లాగలేదు. తండ్రి నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్, లేత్ మీద నీది బంగారం లాంటి చెయ్యి. పోత దగ్గరికొస్తే మాత్రం మతి మట్టిలో కలుస్తుంది. ముడుచుకునే లెక్క ముందే వేసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాలిరా!" అన్నాడు. రెండేళ్ల తర్వాత హస్సాన్ మళ్లీ అదే తప్పు చేశాడు. తండ్రి పోయాక షెడ్డు అతని చేతికే వచ్చింది. మొన్న బక్రీదుకి షకీలా తను చేసిన చక్రాల జత ఒకటి ముచ్చటపడి అతనికి పంపింది, చూడు భయ్యా నీ చెల్లెలి పనితనం అని. చేతిపనిలో అంత నేర్పు, పోతలో అంత మరుపు ఒకే మనిషిలో ఉండటం ఈ భూమ్మీద ఆమె ఒక్కచోటే చూసింది.

"ఏమైందమ్మా? ఎవరో తెలిసినట్టుంది?" అన్నాడు ద్వారకానాథ్. ఆయన కళ్లు వెర్నియర్ కంటే నిక్కచ్చి.

అబద్ధం ఆడటం షకీలాకి రాదు. చేతకాక కాదు, పొగరు. "అనుమానం ఉంది అంకుల్. అనుమానం మీద పేరు చెప్పను. కొలిచి చెబుతాను," అంది. తర్వాత అందరికీ వినపడేలా ఇంగ్లీషులో ఇంకో మాట కూడా అనేసింది. "ఇవాళ మీరంతా ఇళ్లకి వెళ్లేలోపు ఆ పేరు నేనే తెచ్చిస్తాను. తేలేకపోతే మొదటి పేజీలో నా పేరే వేసుకోండి."

తొందరపడింది అంటారా? నేనూ అదే అంటాను. కానీ అన్న మాట హాల్లో పదిహేను మంది విన్నారు.

హాలు పక్కనే కారు పార్కు అంచున ఫోన్ బూత్ ఉంది. సంచి అడుగున డాండెనాంగ్ ఇండియన్ షాపులో కొన్న ఫోన్ కార్డు దొరికింది. నాణెంతో గీకి, ఆ చాంతాడంత నంబరు నొక్కి, విజయవాడ నంబరు నొక్కింది. ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, అక్కడ పది. ఆదివారం హస్సాన్ ఇంట్లోనే ఉంటాడు. అద్దంలోంచి చూస్తే తాజ్ కారు డిక్కీ తెరిచి, ఏమీ పెట్టకుండా, ఏమీ తీయకుండా దాని ముందు నిలబడి ఉన్నాడు.

"హలో, ఎవరండీ?"

"నేను భయ్యా, షకీలాని."

"ఓర్నీ, షక్కూ! ఎట్లా ఉన్నావమ్మా? ఆదివారం పూట ఫోనంటే విశేషం ఉండాలే. ఏంటి సంగతి, మాల్ బాగా పోతోందా?"

షకీలా రిసీవరు చెవికి అదిమింది. "ఏ మాల్, భయ్యా?"

"అదేనమ్మా, నీ పళ్ల చక్రాలు. పోత పోయించి పంపానుగా. ఎట్లా ఉన్నాయ్? పాలిష్ నేనే దగ్గరుండి పట్టించా. రంధ్రాలన్నీ నా చేత్తోనే సాపు చేశా, కుర్రాళ్లకి ఇవ్వలేదు."

ఎంత సంతోషంగా చెబుతున్నాడో! దొంగతనం చేసినవాడి గొంతు కాదది. చెల్లెలికి పెళ్లి చీర పంపి, నచ్చిందా అని అడిగే అన్న గొంతు. షకీలా కళ్లు మూసుకుంది.

"భయ్యా, కుదింపు లెక్క వేశావా?"

సముద్రాలు దాటి వచ్చే ఫోన్ లైనులో సన్నటి హోరు ఒక్కటే వినిపించింది.

"అరె," అన్నాడు హస్సాన్. ఇంకాసేపటికి మళ్లీ "అరెరే" అన్నాడు. "షక్కూ, వేయలేదమ్మా. పూర్తిగా మర్చిపోయా. నాన్న ఉంటే చంపేసేవాడు. ఏమన్నా పాడైందా?"

"అది తర్వాత. నిన్ను ఎవరు పోయమన్నారు భయ్యా? నేను చూడమని పంపాను కానీ పోయమనలేదు కదా?"

"నువ్వు అనలేదమ్మా. నీకు తెలియకూడదు అన్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఇంటర్నెట్ సెంటరుకి నన్ను రప్పించి మరీ మెయిల్ పంపాడు. షకీ ఒక్కతే రాత్రింబవళ్లు లేత్ దగ్గర నిలబడి వారానికి నాలుగు జతలు చేస్తోంది, మోకాళ్లు పట్టేస్తున్నాయి, నాకు ఉద్యోగం లేక చూస్తూ కూర్చున్నా, మీరు అక్కడ చేయించి పంపితే నేను ఇక్కడ షాపులకి వేస్తాను, బాగా నడిచాక చెప్పి సంతోషపెడదాం అని రాశాడు. చదివి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజం. మంచి మొగుడు దొరికాడమ్మా నీకు. తాజ్ బావ లాంటోడు..."

అద్దం అవతల తాజ్ తల ఎత్తి బూత్ వైపు చూస్తున్నాడు. ఆమె ఎవరికి ఫోన్ చేస్తోందో అతనికి అర్థమైపోయింది. డిక్కీ మూయడం కూడా మర్చిపోయి, చేతులు రెండు పక్కలా వేలాడేసుకుని నిలబడ్డాడు. అతని మీద జాలి వేసింది, ఒళ్లు మండింది కూడా. రెండూ ఒకేసారి వచ్చి ఏది ముందో ఆమెకే తెలియలేదు.

"షక్కూ, ఉన్నావా? ఇంకో మాటమ్మా. రెండో విడత శుక్రవారమే విమానానికి ఎక్కించా. రెండొందల జతలు. డబ్బాల మీద అన్నిటికీ నీ పేరే వేయించా. ఇప్పుడెట్లా?"

కార్డులో నిమిషాలు అయిపోయాయని ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. లైను తెగిపోయింది.

షకీలా బూత్ తలుపు తోసుకుని బయటికి వచ్చింది. చల్లగాలి ముఖాన కొట్టింది. తాజ్ నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. "షకీ, నేను చెబుదామనే..." అన్నాడు.

"ఇప్పుడు కాదండీ," అంది ఆమె.

హాలు తలుపు తెరుచుకుంది. ముందు ద్వారకానాథ్, వెనక గ్రాహమ్, ఆ వెనక కోట్లు తొడుక్కుంటూ మిగతావాళ్లు కారు పార్కులోకి వచ్చారు. ఇళ్లకి వెళ్లే వేళైంది. ద్వారకానాథ్ ఆ భార్యాభర్తల మధ్యకే వచ్చి నిలబడి, మడతపెట్టిన కాగితం విప్పి, కారు బానెట్ మీద పెట్టి, పెన్ను మూత తీశాడు.

"తెలిసిందా అమ్మా, పేరు?"

షకీలా తాజ్ వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత ద్వారకానాథ్ వైపు తిరిగి తల నిటారుగా ఎత్తింది.

"తెలిసింది, అంకుల్. రాసుకోండి."